స్పెషల్ ఫోర్సెస్ పిస్టల్: 9 ఎంఎం చాలా, .45 కావాలా?

“బాబాయ్ గారూ” అని మొదలుపెట్టావు కాబట్టి నేనూ నువ్వు అనే రాస్తున్నాను. నీ ప్రశ్న ఇది: పారా ఎస్‌ఎఫ్ (సైన్యం), మార్కోస్ (నేవీ), ఎన్‌ఎస్‌జీ (ఉగ్రవాద నిరోధం) లాంటి కమాండో దళాలు మంచి ఆయుధాలే ఎంచుకుంటాయి కదా, మరి .45 (0.45 అంగుళం లావు) లాంటి పెద్ద బుల్లెట్ ఉండగా 9 ఎంఎం పిస్టల్ ఎందుకు పెట్టుకుంటారు? .45 తగిలితే మనిషి వెనక్కి ఎగిరి పడతాడని, 9 ఎంఎం తగిలినవాడు నడుచుకుంటూ వచ్చేస్తాడని తాడేపల్లిగూడెంలో మీ కోచింగ్ సార్ చెప్పారన్నావు. రేపు ఎస్‌ఎస్‌బీ (సైనికాధికారుల ఎంపిక) ఇంటర్వ్యూలో ఇదే అడిగితే ఏం చెప్పాలా అని నీ టెన్షన్.

నేను సైన్యంలో ఆర్మరర్‌గా చేసి వచ్చినవాణ్ణి. కమాండోగా తిరగలేదు. వాడి తెచ్చిన ఆయుధాలని విప్పడం, తుడవడం, అలసిపోయిన స్ప్రింగులు మార్చడం, మళ్ళీ కోత్‌లో (ఆయుధాలు దాచే గదిలో) లెక్క చూసి పెట్టడం నా పని. అందుకని నా సమాధానంలో కాల్చేవాడి గొప్పల కంటే మరమ్మతు చేసేవాడి గొణుగుడు ఎక్కువ ఉంటుంది. చెప్పేవన్నీ బయట అందరికీ తెలిసిన సంగతులే, గుట్టు ఏమీ లేదు.

ముందు మీ సార్ మాట తేల్చేద్దాం. ఇంటర్ ఫిజిక్స్ చాలు. .45 ఏసీపీ బుల్లెట్ బరువు సుమారు 15 గ్రాములు, వేగం సెకనుకి 255 మీటర్ల దగ్గర ఉంటుంది. ద్రవ్యవేగం కడితే 3.8 వస్తుంది. ఆ బుల్లెట్ మొత్తంగా 70 కిలోల మనిషి ఒంట్లోనే ఆగిపోయిందనుకో, అతను వెనక్కి కదిలే వేగం సెకనుకి అటూఇటుగా 5 సెంటీమీటర్లు. 9 ఎంఎం బుల్లెట్ 8 గ్రాములు, 350 మీటర్లు. అదే లెక్కలో 4 సెంటీమీటర్లు. ఎగిరి పడటం ఎక్కడుంది ఇందులో? పైగా న్యూటన్ మూడో సూత్రం ఒకటుంది కదా, తగిలినవాడు ఎగిరితే కాల్చినవాడూ ఎగరాలి. సినిమాలో తాడు కట్టి లాగుతారు కాబట్టి ఎగురుతారు.

శక్తి లెక్క ఇంకా చిత్రంగా ఉంటుంది. పై అంకెలతోనే కట్టి చూడు: 9 ఎంఎంకి దాదాపు 490 జౌల్స్, .45కి దాదాపు 488. రెంటికీ పెద్ద తేడా లేదు. ఇప్పుడు వీటి పక్కన ఏకే బుల్లెట్ పెట్టు. అది కూడా 8 గ్రాములే, అంటే 9 ఎంఎం బుల్లెట్ బరువే. కానీ వేగం సెకనుకి 715 మీటర్లు. వేగం రెట్టింపయింది, శక్తి నాలుగింతలై రెండు వేల జౌల్స్ దాటింది. 9 ఎంఎం గొప్పదా, .45 గొప్పదా అని కొట్టుకునేవాళ్ళు సాధారణంగా ఈ మూడో అంకె వైపు చూడరు. రైఫిల్ ముందు పిస్టల్ ఏదైనా బలహీనమే. స్పెషల్ ఫోర్సెస్ వాళ్ళకి ఈ సంగతి బాగా తెలుసు, వాళ్ళ ఎంపిక అంతా అక్కణ్ణుంచే మొదలవుతుంది.

ఎందుకంటే వాళ్ళు యుద్ధం చేసేది పిస్టల్‌తో కాదు. చేతిలో కార్బైనో రైఫిలో ఉంటుంది, పిస్టల్ నడుముకో తొడకో ఉంటుంది. పడవెక్కినవాడికి ఈత ఎలాంటిదో వాళ్ళకి పిస్టల్ అలాంటిది: ఈదుదామని ఎవడూ పడవెక్కడు, పడవ తిరగబడితే మాత్రం ఇంకో దారి ఉండదు. గదిలో నాలుగడుగుల దూరంలో మనిషి నిలబడి ఉండగా రైఫిల్ స్టాపేజ్ అయితే (పేలకుండా ఆగిపోతే) దాన్ని సరిచేసే వ్యవధి లేదు. రైఫిల్‌ని స్లింగ్ మీద వదిలేసి పిస్టల్ తీస్తారు. ఓడలో నిట్టనిలువు నిచ్చెన దిగేటప్పుడు, గాయపడ్డ తోటివాణ్ణి ఒక చేత్తో ఈడ్చేటప్పుడు, కారు లోపల, సొరంగంలో, మామూలు బట్టల్లో జనం మధ్య ఉన్నప్పుడు కూడా అంతే. అలాంటి సమయంలో అది హోల్‌స్టర్‌లోంచి తడబడకుండా రావాలి, నొక్కగానే పేలాలి, ఒంటిచేత్తో కాల్చినా రెండో రౌండ్ మొదటిదాని దగ్గరే తగలాలి. బుల్లెట్ ఎంత లావు అన్నది వీటి తర్వాత అడిగే ప్రశ్న.

మరి .45కి అంత పేరెలా వచ్చింది అంటావా, దానికి ఫిలిప్పీన్స్ వెళ్ళాలి. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అమెరికా సైన్యం అక్కడ మోరోలనే స్థానిక ముస్లిం తెగలతో పోరాడినప్పుడు, .38 లాంగ్ కోల్ట్ రివాల్వర్ బుల్లెట్లు తగిలినా మనుషులు ఆగకుండా కత్తులతో మీదికొస్తున్నారని ఫిర్యాదులొచ్చాయి. 1904లో థాంప్సన్, లాగార్డ్ అనే ఇద్దరు అధికారులు షికాగో పశువధశాలల్లో పశువుల మీద, ఇంకా శవాల మీద రకరకాల బుల్లెట్లు కాల్చి చూసి, .45 కంటే చిన్నది వద్దని తేల్చారు. దాని ఫలితమే జాన్ బ్రౌనింగ్ పిస్టల్, 1911లో సైన్యంలోకి వచ్చింది. 1985లో బెరెట్టా 9 ఎంఎం వచ్చేదాకా అమెరికా సైన్యానికి అదే ప్రధాన పిస్టల్. అయితే ఆ ఓడిపోయిన .38 లాంగ్ కోల్ట్ శక్తి ఇప్పటి 9 ఎంఎం శక్తిలో సగానికి కాస్త పైన మాత్రమే. దాని చెడ్డపేరు తెచ్చి 9 ఎంఎం నెత్తిన పెట్టడం న్యాయం కాదు. ఇందులో ఒక తమాషా ఉంది: మన సైన్యం వాడే 9 ఎంఎం పిస్టల్ 1ఏకి మూలమైన హై పవర్‌ని మొదలుపెట్టింది కూడా ఆ బ్రౌనింగే. ఆయన 1926లో పోయాక బెల్జియంలోని ఎఫ్‌ఎన్ కంపెనీలో పూర్తిచేసి 1935లో బయటికి తెచ్చారు. మన దగ్గర దాన్ని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో చేశారు.

ఇక అసలు కథ అమెరికాలోని మయామీది. 1986 ఏప్రిల్ 11న అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ ఏజెంట్లు కొందరు కలిసి, ఇద్దరు బ్యాంకు దొంగలున్న కారుని అడ్డగించారు. నిమిషాల్లో అయిపోయిన ఆ కాల్పుల్లో ఇద్దరు ఏజెంట్లు చనిపోయారు, ఐదుగురు గాయపడ్డారు, చివరికి దొంగలు కూడా చచ్చారు. మొదట్లోనే ఒక ఏజెంట్ కాల్చిన 9 ఎంఎం బుల్లెట్ ఒక దొంగ చేతిలోంచి దూరి ఛాతీలోకి వెళ్ళి, గుండె దాకా వెళ్ళకుండా కాస్త ముందే ఆగిపోయింది. ఆ దెబ్బతో కూడా అతను పోరాడుతూనే ఉన్నాడు, ఆ ఇద్దరు ఏజెంట్లనీ చంపింది ఆ తర్వాతే. ఎఫ్‌బీఐ నేరం ఆ బుల్లెట్ మీద మోపింది. 10 ఎంఎం తెచ్చారు. అది చాలామంది చేతుల్లో గట్టిగా తన్నింది, తుపాకీ మందు తగ్గించారు. మందు తగ్గించాక అంత పొడుగు ఖోకా (మందు పట్టే లోహపు గొట్టం) దేనికని కురచ చేస్తే 1990లో .40 ఎస్ అండ్ డబ్ల్యూ పుట్టింది. అమెరికా పోలీసు శాఖలు వరసపెట్టి దానికి మారాయి. 2014కి వచ్చేసరికి అదే ఎఫ్‌బీఐ శిక్షణ విభాగం మళ్ళీ 9 ఎంఎం మంచిదని రాసింది. కొత్తరకం బుల్లెట్లతో, కండకి బదులుగా వాడే పరీక్ష జెల్‌లో 9 ఎంఎం కూడా కావలసినంత లోతుకి వెళ్తోంది, పెద్ద క్యాలిబర్లతో (బుల్లెట్ లావు కొలతలతో) పోలిస్తే గాయంలో చెప్పుకోదగ్గ తేడా లేదు, కాల్చేవాళ్ళు మాత్రం 9 ఎంఎంతో వేగంగానూ గురిగానూ కాలుస్తున్నారు. ఇవీ కారణాలు. జెల్‌లో వాళ్ళ కొలత కనీసం 12 అంగుళాలు, ఎక్కువలో ఎక్కువ 18.

దీని మీద వేల పేజీలు రాశారు. నాకు మాత్రం ఆ సంఘటనలో బుల్లెట్ కంటే పెద్దది ఇంకోటి కనిపిస్తుంది. ఆ దొంగ చేతిలో రూగర్ మినీ-14 ఉంది, .223 రైఫిల్. ఏజెంట్లలో ఎక్కువమంది చేతుల్లో ఉన్నవి పిస్టళ్ళు, రివాల్వర్లు. రైఫిల్ పట్టుకున్నవాడికి ఎదురుగా పిస్టల్‌తో నిలబడాల్సి రావడమే అక్కడ అసలు ఇబ్బంది. దానికి మందు 10 ఎంఎం పిస్టల్‌లో వెతికారు. 28 ఏళ్ళు తిరిగి బయల్దేరిన క్యాలిబర్ దగ్గరికే వచ్చారు. మధ్యలో మార్చిన పిస్టళ్ళు, హోల్‌స్టర్లు, మ్యాగజైన్ల ఖర్చు తలుచుకుంటే నా కోత్ బుద్ధికి బాధేస్తుంది.

గాయం సంగతి కూడా క్లుప్తంగా చెప్తాను, ఎందుకంటే “ఒక్క బుల్లెట్‌తో పడిపోవాలి” అన్న ఆశ ఇక్కడే చెదురుతుంది. రైఫిల్ బుల్లెట్ వేగానికి చుట్టుపక్కల కండ కూడా చిరుగుతుంది. పిస్టల్ వేగంలో బుల్లెట్ తన దారిలో ఉన్నదాన్ని మాత్రమే చీలుస్తుంది, పక్కనున్నది సాగి మళ్ళీ సర్దుకుంటుంది. మెదడుకో వెన్నుపాముకో తగిలితే తప్ప మనిషి అక్కడికక్కడే ఆగడు. గుండెకి తగిలినా మెదడులో మిగిలిన ఆక్సిజన్‌తో పది పదిహేను సెకన్లు చెయ్యాల్సింది చెయ్యగలడు. నాలుగడుగుల దూరంలో పది సెకన్లంటే చాలా ఎక్కువ. కాబట్టి ఒకటి తగిలించి ఫలితం కోసం చూస్తూ కూర్చునే పని కాదు, వెంటవెంటనే గురిగా తగిలిస్తూ ఉండాలి. 9 ఎంఎం తక్కువ తన్నుతుంది, మ్యాగజైన్‌లో 15 నుంచి 17 రౌండ్లు పడతాయి. 1911 పిస్టల్‌లో 7. పోలిక ఇక్కడ పెట్టాలి.

.45 వాళ్ళ వాదనలో నిజం బొత్తిగా లేదని నేను అనను. 1899 హేగ్ ప్రకటన ఒకటుంది: ఒంట్లో విచ్చుకునే బుల్లెట్లు యుద్ధంలో వాడకూడదని. ఆ గొడవకి మూలం కలకత్తా పక్కన డమ్‌డమ్ కర్మాగారంలో చేసిన .303 బుల్లెట్లే. అందుకని సైన్యాలు సాధారణంగా రాగి తొడుగు మొత్తం కప్పిన బాల్ రౌండ్లు వాడతాయి. అవి విచ్చుకోవు, ఎంత లావుతో వెళ్ళాయో అంతే రంధ్రం. అప్పుడు 9 మిల్లీమీటర్లకీ పదకొండున్నరకీ ఉన్న తేడా లెక్కలోకి వస్తుంది. పోలీసులకీ, ఉగ్రవాద నిరోధక దళాలకీ ఆ పరిస్థితి వేరు. వాళ్ళు మొన పల్లంగా ఉండి లోపల విచ్చుకునే హాలో పాయింట్ వాడగలరు, పైగా విచ్చుకున్న బుల్లెట్ ఎదుటి మనిషిలోనే ఆగి వెనకున్న బందీకి తగిలే ప్రమాదం తగ్గుతుంది. అంటే ఒకే 9 ఎంఎం పిస్టల్ సరిహద్దులో ఒకలా, హైజాక్ అయిన విమానంలో ఒకలా పనిచేస్తుంది. క్యాలిబర్ గురించి అడిగేవాళ్ళలో చాలామంది ఏ బుల్లెట్ అని అడగరు. అడగాల్సింది అదే. అమెరికా సైన్యం 2017లో ఎంచుకున్న సిగ్ ఎం17 పిస్టల్‌కి హాలో పాయింట్ రౌండ్ కూడా ఇచ్చింది, కాబట్టి ఈ గీత ఇప్పుడు అంత గట్టిగా లేదు.

ఇప్పుడు ఆ దళాలు నిజంగా ఏం చేశాయో చూడు. అమెరికా స్పెషల్ ఆపరేషన్స్ కమాండ్ ఒకప్పుడు .45లోనే ఒక పిస్టల్ అడిగి చేయించుకుంది, హెక్లర్ అండ్ కోక్ మార్క్ 23. 1990లలో వచ్చింది. గట్టిది, గురి అమోఘం, ఉప్పునీటికి లొంగదు, సైలెన్సర్ తగులుతుంది. కాగితం మీద దానికి సాటి లేదు. ఖాళీగానే 1.2 కిలోలు, సైలెన్సర్ బిగించి నింపితే రెండు కిలోల దగ్గర. నిండా నింపిన గ్లాక్ 17 (9 ఎంఎం పిస్టల్) బరువు 900 గ్రాములు. అంత బరువు తొడకి కట్టుకుని, చేతిలో ఇంకో మూడున్నర కిలోల కార్బైన్ పట్టుకుని ఎవరు పరిగెడతారు? దాన్ని ఎక్కువమంది మోయలేదు. పిస్టల్‌కే అంత బరువు పెట్టే బదులు కార్బైన్‌కే సైలెన్సర్ పెట్టుకోవచ్చు కదా. నా లెక్కలో మార్క్ 23 తప్పుడు పిస్టల్ కాదు, తప్పుడు పనికి ఎంచిన పిస్టల్.

అమెరికా నౌకాదళ కమాండోలు నేవీ సీల్స్ 1980ల చివర బెరెట్టా స్లైడ్లు (పిస్టల్ పైన ముందుకీ వెనక్కీ జరిగే భాగం) విరగడంతో సిగ్ పీ226కి వెళ్ళారు, తర్వాత గ్లాక్ 19కి. అమెరికా సైన్యపు ప్రత్యేక దళం డెల్టా ఫోర్స్ (మన గోదావరి డెల్టా కాదులే) ఏళ్ళ తరబడి .45 1911ని నమ్ముకుని, తర్వాత .40కి మారి, చివరికి 9 ఎంఎం గ్లాక్ దగ్గర ఆగింది. అమెరికా మెరైన్ల ప్రత్యేక దళం 2012లో ముచ్చటపడి కొత్త .45 కోల్ట్ తీసుకుంది, కొన్నేళ్ళకే గ్లాక్ 19 పట్టుకుంది. బ్రిటిష్ ప్రత్యేక దళం ఎస్‌ఏఎస్ 1980లో లండన్‌లో ఇరాన్ రాయబార కార్యాలయంలోకి దూకినప్పుడు నడుముకి ఉన్నది 9 ఎంఎం హై పవరే. 2013లో బ్రిటిష్ సైన్యం మొత్తం గ్లాక్ 17కి వచ్చింది. ఫ్రెంచి వాళ్ళ దారి వేరు. జీఐజీఎన్ దళం 1994 డిసెంబర్ 26న మార్సెయ్ దగ్గర హైజాక్ అయిన ఎయిర్ ఫ్రాన్స్ విమానంలోకి దూరినప్పుడు మొదటివాడి చేతిలో ఉన్నది ఆరు రౌండ్ల .357 రివాల్వర్. అది కూడా పని చేసింది, ఎందుకంటే ఆ దళం ఆ రివాల్వర్‌తో చేసే సాధన అలాంటిది. అలాగని ఇవాళ ఎవరైనా దళానికి రివాల్వర్ కొనమంటే మాత్రం నేను ఒప్పుకోను.

మన దేశానికి వస్తే క్యాలిబర్ చర్చ అసలు మొదలుకాకముందే ముగుస్తుంది. మన కార్బైన్ 1ఏ1 9 ఎంఎం. ఎన్‌ఎస్‌జీ ఎంపీ5 9 ఎంఎం. పిస్టల్ 1ఏ, గ్లాక్ 17, గ్లాక్ 19, అన్నీ అదే 9×19. హైదరాబాద్‌లో లోకేష్ మెషీన్స్ వాళ్ళు చేస్తున్న అస్మి మెషీన్ పిస్టల్ కూడా అదే. రౌండ్లు మన ఆర్డినెన్స్ ఫ్యాక్టరీల్లోనే తయారవుతాయి. .45 పిస్టల్ పెట్టుకుంటే దానికి రౌండ్లు బయటినుంచి రావాలి, సాధనకి విడిగా, పనికి విడిగా, నిల్వకి విడిగా. బరువు చూడు: 9 ఎంఎం రౌండ్ 12 గ్రాములు, .45 రౌండ్ 21. వంద రౌండ్లకి దాదాపు కిలో తేడా. దిగుమతి ఆలస్యమైతే సాధన తగ్గుతుంది, సాధన తగ్గిన దళం చేతిలో ఏ క్యాలిబర్ ఉన్నా ప్రయోజనం లేదు. ఒక దళం ఎంత బాగా కాలుస్తుందో చూడాలంటే దాని పిస్టల్ పేరు అడక్కు, రేంజ్‌లో ఏరిన ఖాళీ ఖోకాల సంచి చూడు.

ఇక్కడిదాకా అందరూ చెప్పేదే. నేను మనసు పెట్టి చెప్పాలనుకున్నది నీటి గురించి, బురద గురించి. మన గోదావరి జిల్లాల్లో పుట్టినవాడికి ఇది సులువుగా అర్థమవుతుంది. అంతర్వేది దగ్గరో ఉప్పాడ దగ్గరో సముద్రపు గాలి తగిలేచోట సైకిల్ రిమ్ము, కిటికీ ఊచ ఎంత త్వరగా తుప్పు పడతాయో చూశావు కదా. పిస్టల్ ఉక్కే కదా, దానికీ అదే గతి. కాకినాడ తీరంలో మన బలగాలు, అమెరికా బలగాలు కలిసి టైగర్ ట్రయంఫ్ విన్యాసాలు చేస్తుంటాయి, మార్కోస్ కేంద్రం ఐఎన్ఎస్ కర్ణ భీమునిపట్నంలో ఉంది. ఈ తీరంలో పనిచేసే దళానికి పిస్టల్ ఎంచాలంటే నేను మొదట అడిగేది స్లైడ్ మీద పూత ఏమిటని. పాతకాలపు నీలిపూత చూడ్డానికి బాగుంటుంది, ఉప్పుగాలిలో రోజుల్లోనే ఎర్రబడుతుంది. నైట్రైడ్ పద్ధతిలో ఉక్కు పైపొరనే గట్టిపరిచినవి ఎక్కువ కాలం తట్టుకుంటాయి. ఫ్రేమ్ పాలిమర్ అయితే తుప్పు పట్టే భాగాలే తగ్గిపోతాయి. 1980లలో గ్లాక్ వచ్చినప్పుడు ప్లాస్టిక్ తుపాకీ అని నవ్వారు, తేమ ఉన్న ఊళ్ళో కోత్ నడిపినవాడు మాత్రం నవ్వడు.

కంటికి కనిపించే తుప్పు ఫర్వాలేదు, తుడిచేస్తాం. కనిపించకుండా పట్టేది వేరు: మ్యాగజైన్ స్ప్రింగు, ఫైరింగ్ పిన్ దారి, ఎక్స్‌ట్రాక్టర్ కింద సందు. పిస్టల్ ఆగిపోయిందని తెచ్చినప్పుడు చాలాసార్లు పిస్టల్ బాగానే ఉంటుంది, తప్పు మ్యాగజైన్‌ది. పెదవులు వంగిపోయో, స్ప్రింగు నీరసించో, అడుగున ఒండ్రు పేరుకునో ఉంటుంది. గోదావరి ఒండ్రు ఎడారి ఇసుకలాంటిది కాదు. ఇసుక గరగరలాడుతూ దొరికిపోతుంది, దులిపితే రాలుతుంది. ఒండ్రు తడిగా ఉన్నప్పుడు నూనెలో కలిసి జారుతూ ఏమీ లేనట్టే ఉంటుంది, ఎండాక గట్టిపడి కూర్చుంటుంది. కోరింగ మడ అడవుల్లో నడుములోతు బురదలో నడిచి, గట్టెక్కి ఎండలో రెండు గంటలు కూర్చున్న పిస్టల్‌ని ఊహించుకో. భాగాలు మరీ బిగుతుగా అమర్చిన పోటీల పిస్టల్ అక్కడ మొరాయిస్తుంది. కాస్త వదులుగా కూర్చిన సర్వీస్ పిస్టల్ బురదని తోసేసుకుని పనిచేస్తుంది. కాగితం మీద గురి కొంచెం తగ్గినా నాకు రెండోదే కావాలి.

ఉప్పునీళ్ళలో మునిగిన పిస్టల్‌ని ఆరబెట్టి నూనె రాస్తే సరిపోతుందనుకుంటారు కొందరు. ముందు మంచినీళ్ళతో ఉప్పు కడగాలి, తర్వాత పూర్తిగా ఆరాలి, ఆ తర్వాతే నూనె. వరస తప్పితే ఉప్పుని నూనె కింద దాచిపెట్టినట్టవుతుంది. తోలు హోల్‌స్టర్ మన తేమకి పనికిరాదు. చెమట, వాన పీల్చుకుని తడి వదలదు, అందులో రాత్రంతా ఉంచిన పిస్టల్ తెల్లారేసరికి మచ్చలతో బయటికొస్తుంది. ఇంకోటి, నీళ్ళలోంచి లేచిన వెంటనే బ్యారెల్‌లో నీళ్ళుంటాయి. మూతి కిందికి వంచి, స్లైడ్ కొద్దిగా వెనక్కి లాగి కారనివ్వాలి, లేకపోతే బ్యారెల్ ఉబ్బే ప్రమాదం ఉంది. ఇదంతా దళంలో నేర్పుతారు, ఎంపిక చేసేవాళ్ళు మాత్రం ఇవి మనసులో పెట్టుకునే పిస్టల్ చూస్తారు. రౌండ్ల సంగతి కూడా ఇదే. ప్రైమర్ (మందుని అంటించే అడుగు బిళ్ళ) చుట్టూ లక్క పూసి మూసిన రౌండ్ తడికి తట్టుకుంటుంది, పూయనిది కొన్నాళ్ళకి క్లిక్‌మని ఊరుకుంటుంది. అలా ఊరుకున్న రౌండ్ .45 అయితేనేం, 9 ఎంఎం అయితేనేం?

నీళ్ళ లోపలే కాల్చాలంటే మామూలు పిస్టల్ పని కాదు. దానికి రష్యా వాళ్ళ నాలుగు గొట్టాల ఎస్‌పీపీ-1, జర్మన్ల ఐదు గొట్టాల పీ11 లాంటివి విడిగా ఉన్నాయి. ఆ ముచ్చట ఇంకోసారి.

చెయ్యి సంగతి. మనలో చాలామందికి అరచెయ్యి చిన్నది, వేళ్ళు సన్నం. రెండు వరసల మ్యాగజైన్ ఉన్న లావు పిడి పట్టుకుంటే చూపుడువేలు ట్రిగ్గర్ దాకా సరిగ్గా చేరదు. అప్పుడు మనిషి పట్టు తిప్పుతాడు, తన్ను బొటనవేలి కీలుకి తగులుతుంది, రెండో రౌండ్ ఎటో పోతుంది. .45లో రెండు వరసలు పెడితే పిడి ఇంకా లావు. పీ226 లాంటి వాటిలో మొదటి రౌండ్‌కి ట్రిగ్గర్ దూరంగా, నాలుగున్నర కిలోల బలంతో లాగాలి, తర్వాతివి తేలిక. రెండు రకాల లాగుడూ నేర్చుకోవాలి. గ్లాక్‌లో ప్రతిసారీ ఒకటే లాగుడు, రెండున్నర కిలోల దగ్గర. మన పిస్టల్ 1ఏ ఇంకో రకం: హ్యామర్ ఎత్తి ఉంటేనే పేలుతుంది, కాబట్టి సేఫ్టీ అలవాటు ముఖ్యం. కొత్తవాటిలో పిడి వెనక ముక్క మార్చుకునే వీలుంది. నా ఓటు ఈ వీలుకే. వందమంది దళంలో వంద రకాల చేతులుంటాయి.

సైలెన్సర్ గురించి అడిగావు. ఇక్కడ .45కి పుట్టుకతో వచ్చిన సుగుణం ఉంది. దాని వేగం ధ్వని కంటే తక్కువ, గాల్లో చిటపట ఉండదు. ధ్వని వేగం సెకనుకి 340 మీటర్లు అంటారు, మన వేసవిలో 350 దాటుతుంది. మామూలు 9 ఎంఎం ఆ గీత మీదే ఉంటుంది. దానికి జవాబుగా బరువైన 147 గ్రెయిన్ల బుల్లెట్, అంటే తొమ్మిదిన్నర గ్రాములది, 300 మీటర్ల దగ్గర పంపుతారు. పని జరిగిపోతుంది. స్లైడ్ మీద రెడ్ డాట్ సైట్ (గురి చూపే ఎర్రచుక్క అద్దం) పెట్టుకోవడం ఇప్పుడు మామూలైంది, కొత్త పిస్టల్ తీసుకుంటే అది బిగించే చోటు ఉందా లేదా చూడకుండా ఎవరూ తీసుకోరు.

ఇంట్లో పెట్టుకోవడానికి 9 ఎంఎం లైసెన్సు దొరుకుతుందా అని మీ ఫ్రెండ్ అడిగాడన్నావు. దొరకదు. మన చట్టంలో 9 ఎంఎం, .45 రెండూ నిషేధిత బోర్లు (గొట్టం లోపలి కొలతలు). మామూలు జనానికి లైసెన్సు మీద దొరికేది .32 లాంటివి, అది కూడా కారణం చూపించి, పోలీసు విచారణ అయ్యాక. ఎన్నికలొస్తే వాటిని స్టేషన్లో అప్పగించమంటారు. ఆ దారి వదిలేయమను.

ఇంటర్వ్యూలో అడిగితే ఏం చెప్పాలంటే, నువ్వు క్యాలిబర్ పేరుతో మొదలుపెట్టకు. దళం పని ఏమిటి, ఎక్కడ, మామూలు బట్టల్లోనా యూనిఫాంలోనా, ఏ బుల్లెట్ వాడే అనుమతి ఉంది, రౌండ్లు ఎక్కణ్ణుంచి వస్తాయి అని అడిగి, ఇవి తేలాక మన పరిస్థితిలో 9×19 ఎందుకు నిలబడుతుందో రెండు ముక్కల్లో చెప్పు. పై లెక్క, ఆ 4 సెంటీమీటర్లది, బల్ల మీద కట్టి చూపించగలిగితే ఇంకా మంచిది. తెలియనిది తెలియదని చెప్పు, వాళ్ళు అదే చూస్తారు. మీ గూడెం పక్కనే మిలటరీ మాధవరం ఉంది, రెండు ప్రపంచ యుద్ధాలకీ మనుషుల్ని పంపిన ఊరు. అక్కడి రిటైరైన పెద్దల దగ్గర ఒక పూట కూర్చో. పిస్టల్ గురించి వాళ్ళు చెప్పేది తక్కువే ఉంటుంది, జవాను చేతికి పిస్టల్ వచ్చేది అరుదు మరి. రైఫిల్ గురించి, తడిసిన ఆయుధాన్ని నిద్ర ముంచుకొస్తున్నా ముందు తుడుచుకుని పడుకోవడం గురించి బోలెడు చెప్తారు.

కాలేజీలో ఎన్‌సీసీ ఉంటే చేరు, .22 రైఫిల్ కాల్చే అవకాశం వస్తుంది. ఈలోగా ఒకటి చూసుకో: రెండు చేతులూ చాచి వేళ్ళ మధ్య చిన్న సందు చేసి, రెండు కళ్ళతో దూరంగా ఉన్న కొబ్బరిచెట్టు మొవ్వుని అందులోంచి చూడు. ఒక్కో కన్ను మూసి చూస్తే ఏ కంటికి అది కదలకుండా అక్కడే ఉంటుందో అదే నీ బలమైన కన్ను. అది కుడిదో ఎడమదో, నువ్వు ఏ చేతివాటమో రాయి. రెండూ ఒకే వైపు కాకపోతే గురి నేర్చుకునే పద్ధతి కాస్త మారుతుంది, అప్పుడు విడిగా చెప్తాను.